నూట ఎనభై మీటర్ల మొహమాటం

లాగ్ 1. దిగడానికి పదిహేడు రోజులు.

సిమ్యులేటర్ గది చూసుకునేవాళ్లు రోజూ లాగ్ రాయాలని నిబంధన. తొమ్మిదేళ్లుగా నేను రాస్తున్నది ఒకటే వాక్యం: "అన్నీ సవ్యంగా ఉన్నవి." ఇవాళ సవ్యంగా లేవు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఇది ఎవరూ చదవరని తెలుసు. అందుకే ఈ ధైర్యం.

పొద్దున్నే కుర్చీ తుడిచి, తెర మీద దుమ్ము దులిపి, చలివేంద్రాన్ని దాని మీదికి తెచ్చాను. చలివేంద్రమంటే మంచు చంద్రుడు. మా స్టేషను, అదీ కలిసి తిరిగేది పెద్దాయన చుట్టూ. ఆ గ్రహానికి పటంలో ఏదో నంబరుంది గాని, కిటికీ నిండా కూర్చుని ఎటూ కదలనివాణ్ని ఇంకేమని పిలుస్తాం? మాకు నీళ్లిచ్చేది ఆ చంద్రుడే. అక్కడి బావిలో పంపు నీళ్లు తోడితే, ఒక యంత్రం వాటిని దిమ్మలుగా గడ్డకట్టించి పైకి విసిరేది. మేము వలపడవలో వెళ్లి పట్టుకునేవాళ్లం. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ మనిషి కాలు పెట్టాల్సిన పని పడలేదు.

పన్నెండు రోజుల క్రితం పంపు ఆగిపోయింది. ఉన్న నీళ్లు ఇంకా ఇరవై నాలుగు రోజులకి వస్తాయి. స్నానాలు మానేశాం, గిన్నెలు తడిగుడ్డతో తుడుస్తున్నాం. ఎవరో ఒకరు దిగి బాగుచేయాలి. ఆ ఎవరో మా ఆడపడుచు సువర్చల. పంపుల పని తెలిసినది, దిగే ఓడ నడిపే సర్టిఫికెట్ ఉన్నది, పైగా వయసులో ఉన్నది ఆమె ఒక్కతే.

ఇవాళ ఆమె సాధన కోసం తెర మీది బావిని అసలు ఫోటోతో సరిచూశాను. ఫోటో నిన్న వలపడవ తీసింది. బావికి తూర్పున ఒక గట్టు ఉంది. ఓడ దాని మీదుగానే రావాలి, కక్ష్య అటునుంచే వస్తుంది. మా తెర మీద గట్టు ఎత్తు అరవై మీటర్లు. ఫోటోలో దాని నీడ మా నీడకి నాలుగింతలు ఉంది.

మూడుసార్లు కొలిచాను. నాలుగింతలే.

లాగ్ 2. దిగడానికి పదహారు రోజులు.

శిక్షణాధికారి కమలనాభం గారికి ఫోటో చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫోటోని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "సాయంత్రం నీడమ్మా అది. పొడుగ్గానే ఉంటది" అన్నారు.

"ఆ గంటకి సూర్యుడు ఎక్కడున్నాడో లెక్కేశానండి. రెండు నీడలూ ఒకే గంటవి."

"రత్నమ్మా, నీడలు చూసి భయపడే వయసా మనది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. గదికొచ్చి మార్పుల రిజిస్టరు తెరిచాను. తెర మీది చంద్రుడిలో ఏం మార్చినా అందులో రాసి సంతకం పెట్టాలి. పెట్టడమే గాని తొమ్మిదేళ్లలో నేను వెనక పేజీలు చూసిన పాపాన పోలేదు. మొత్తం రెండువందల పన్నెండు మార్పులు. కొన్ని ఇక్కడ ఎక్కిస్తాను, నా కడుపుమంట చల్లారడానికి.

"అభ్యర్థి నాలుగోసారి గుద్దినందున ఉత్తరపు గుట్ట తగ్గించడమైనది."

"గొయ్యి పూడ్చడమైనది. పెద్దలు చెప్పారు."

"పిల్లవాడు బెంగపెట్టుకున్నాడని వాళ్లమ్మగారు వచ్చి కూర్చున్నందున పగులు మూసివేయడమైనది."

"ఆకర్షణ నూటికి రెండు పాళ్లు తగ్గించడమైనది. ఎవరికీ ఇబ్బంది లేదు."

ఆకర్షణను కూడా వదల్లేదు మహానుభావులు! నిజంగా దిగేవాళ్లెవరూ లేరు, సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికేగా, తెలిసినవాళ్ల పిల్లల్ని ఎలా తప్పిస్తాం? ఇలా ముప్పై ఏళ్లు. ఒకళ్లూ లంచం తీసుకోలేదు, ఒకళ్లూ దుర్మార్గులు కారు. అందరిదీ మొహమాటం. మొహమాటపడి మొహమాటపడి ఒక చంద్రుణ్ని చెక్కేశారు.

తిట్టుకుంటూ నూట ఎనభై ఎనిమిదో మార్పు దగ్గరికి వచ్చాను. "తూర్పు గట్టు రెండొందల నలభై మీటర్ల నుంచి అరవైకి తగ్గించడమైనది. కారణం: కంటికి అడ్డు." కింద సంతకం: శేషారత్నం.

అది నేనే.

లాగ్ 3. దిగడానికి పదిహేను రోజులు.

గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల క్రితం. నా పెళ్లయి రెండు నెలలు. సువర్చల పరీక్షలో ఆ గట్టుకి మూడుసార్లు గుద్దుకుని, బయట బల్ల మీద కూర్చుని ఏడుస్తోంది. కమలనాభం గారు లోపలికొచ్చి, "కొత్త కోడలివి, నీ చేతిలో పని" అని నవ్వి వెళ్లిపోయారు. అంతే. చెయ్యమని కూడా అనలేదు. అత్తవారింట మంచి అనిపించుకోవాలని నూట ఎనభై మీటర్ల మంచు తీసిపారేశాను. నాలుగోసారి పాసైంది. ఆ రోజు మా అత్తగారు నాకు తన చేత్తో పాయసం పెట్టారు.

మా ఆయన భీమశంకరం ఉమ్మడి వంటశాలలో పెద్ద వంటవాడు. పొద్దున ఆయనకి చెప్పాను, నా సంతకం సంగతి తప్ప మిగతాదంతా. ఆయన పిండి కలపడం ఆపకుండా, "అదంటే నీకు మొదట్నించీ పడదు. దానికి పేరొస్తోందనేగా నీ బాధ?" అన్నారు.

"ఏవండీ, అది చచ్చిపోతుందండీ."

"శుభమా అని బయల్దేరుతోంటే ఆ మాటలేంటి?"

ఇదీ నా ఖర్మ. ఇంకెవరు చెప్పినా హెచ్చరిక, వదిన చెబితే కుళ్లు.

లాగ్ 4. దిగడానికి పదమూడు రోజులు.

తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను.

మొదట వచ్చినవాళ్లు చేసిన అసలు సర్వే పాత నిల్వలో భద్రంగా ఉంది. నిన్న పనయ్యాక దాన్ని బయటికి తీసి, రెండువందల పన్నెండు మార్పులూ ఎత్తేసి, అసలు చంద్రుణ్ని తెర మీదికి తెచ్చాను. పొద్దున సువర్చల కూర్చుంది. చెప్పలేదు. చెబితే మళ్లీ అదే పాట వినాలి, కళ్లారా చూస్తే నమ్ముతుంది అనుకున్నాను.

ఏడుసార్లు దిగింది. ఏడుసార్లూ గుద్దింది. ఐదుసార్లు గట్టుకి. రెండుసార్లు గట్టు దాటాక ఇంధనం అయిపోయి రాయిలా పడింది. ఏడోసారి హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏం చేశావ్ వదినా?"

"అసలుది పెట్టాను."

"అసలుదా? ఎనిమిదేళ్లుగా ఇక్కడ లేని కొండ ఇయ్యాల మొలిచిందా? నేను దిగడం నీకిష్టం లేదని మొహం మీద చెప్పొచ్చుగా!"

రిజిస్టరు తెచ్చి నూట ఎనభై ఎనిమిదో మార్పు ఉన్న పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. చదివింది. సంతకం మీద వేలు పెట్టింది. తేదీ చూసింది. ఆ తేదీ ఆమెకి నోటికి వచ్చు, వాళ్లింట్లో గోడ మీది సర్టిఫికెట్‌పై ఉన్నది అదే.

"అంటే నేను పాసవలేదన్నమాట" అంది.

ఆమె లేచి వెళ్లిపోయింది. ఎనిమిదేళ్లలో ఆమె నా ముందు తలుపు నెమ్మదిగా వేసి వెళ్లడం ఇదే మొదటిసారి. విసిరి కొట్టినా బాగుండేది.

లాగ్ 5. దిగడానికి పన్నెండు రోజులు.

గది తాళం తీసేసుకున్నారు, చెక్కేసిన చంద్రుణ్నే మళ్లీ తెర మీద పెట్టారు. ఈ లాగ్ వంటింట్లో కాగితం మీద రాస్తున్నాను.

కమలనాభం గారు కోప్పడలేదు. ఆయన కోప్పడరు, అదే నాకు ఒళ్లు మండే విషయం. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, ఆయన వాటాలోవి. "అరవై నాలుగు సర్టిఫికెట్లు ఉన్నాయమ్మా స్టేషన్లో. అందులో నాదొకటి. ఇప్పుడు అవన్నీ ఉత్తివే అంటే ఎన్నిళ్లల్లో ఏడుపులు? పిల్ల ధైర్యంగా ఉంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"గట్టు రెండొందల నలభై అండి. మీ ప్లాన్లో ఓడ నూట యాభైలో వస్తుంది."

"అది నీ లెక్క. నా లెక్కలో మీ వదినా ఆడపడుచుల గొడవ సిమ్యులేటర్‌లోకి వచ్చింది. ఇంటిది ఇంట్లోనే ఉంచుకోండి."

ఆయన బల్ల మీద నా ఫోటో అలాగే బోర్లా పడి ఉంది. స్టేషన్ సభ్యుల సమావేశానికి వెళ్తానన్నాను. వెళ్లు అన్నారు. వెళ్లాను. సభ్యులు పదకొండు మంది, అందులో తొమ్మిదిమందికి ఆ సర్టిఫికెట్ ఉంది. అందరూ నా మాట శ్రద్ధగా విని, పరిశీలిస్తామన్నారు. ఒకావిడ నా భుజం తట్టి, అలిసిపోయావు, పడుకో అంది. ఎదురుగా ఉన్నది గోడయితే తల బాదుకోవచ్చు. మెత్తటి పరుపుని ఏం చేస్తాం?

చివరికి ఓడ కంప్యూటర్ సంగతి అడిగాను. దానిలో పటం కూడా మా సిమ్యులేటర్ నుంచే ఎక్కించారట. దాని రాడార్ కిందికి తప్ప ముందుకి చూడదు.

లాగ్ 6. దిగడానికి ఎనిమిది రోజులు.

ఇవాళ భోజనాల వేళ అయ్యాక వంటశాలలో తడిగుడ్డతో పళ్లేలు తుడుస్తున్నాను. సువర్చల వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంది. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఇయ్యాల ముప్పైసార్లు దిగాను వదినా. అన్నీ పాసే. నవ్వొచ్చింది." బల్ల మీదికి వంగింది. "ఆ కొండ ఎంతెత్తన్నావ్?"

"రెండొందల నలభై."

"వెళ్లకపోతే?"

"నీళ్లు పదిహేను రోజులకి వస్తాయి. నీ బదులు వెళ్లేవాళ్లకి నీకొచ్చినంత కూడా రాదు."

"మరి నేర్పు."

"తాళం లేదే తల్లీ."

"తొమ్మిదేళ్లు దాని పక్కన కూర్చున్నావ్. నువ్వే సిమ్యులేటర్‌వి. నోటితో చెప్పు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత బుద్ధి ఉన్నది నాలుగు రోజులు ఎక్కడ తగలేసిందని. తాళం పోకముందే అసలు చంద్రుడి పట్టికలు రాసుకున్నాను: ఎంత ఎత్తులో ఎంత వేగం, ఒక సెకను ఇంజన్ మండితే ఎంత తగ్గుతుంది, ఎంత ఇంధనం పోతుంది. అవి బల్ల మీద పరిచాను. ఆమె కళ్లు మూసుకుని చేతిలో గరిటె పట్టుకుంది. ముందుకి తోస్తే ఇంజన్, వెనక్కి లాగితే ఆపు.

"ఎత్తు ఐదొందలు. వేగం తొంభై. గట్టుకి పద్దెనిమిది సెకన్లు."

తోసింది.

"ఎక్కువ తోశావు. ఎత్తు ఐదొందల ఇరవై. అంత ఇంధనం పైనే తగలేస్తే కిందికెలా దిగుతావే?"

"అరవకు వదినా!"

"అక్కడ కొండ అరవదు. గట్టు దాటావు. ఎత్తు నాలుగొందల ఎనభై. ఇంధనం పద్నాలుగు సెకన్లు. పది. ఆరు. అయిపోయింది. చచ్చావు. మళ్లీ మొదట్నించి."

ఇరవై రెండుసార్లు చచ్చింది. మా ఆయన మధ్యలో వచ్చి, చెల్లెల్ని చచ్చావు చచ్చావు అంటున్న భార్యని చూసి నిలబడిపోయారు. సువర్చల కళ్లు తెరవకుండానే, "అన్నయ్యా, పొయ్యి తగ్గించి పక్కన కూర్చో. మాట్లాడకు" అంది. ఆయన కూర్చున్నారు. ఇరవై రెండోసారి అయ్యాక లేచి, తన వాటా నీళ్లు రెండు గ్లాసుల్లో పోసి మా ఇద్దరి ముందూ పెట్టారు. నేను ఆయన్ని ఇంకా క్షమించలేదు గాని నీళ్లు తాగాను.

లాగ్ 7. దిగడానికి ఒక రోజు.

ఎనిమిది రోజులుగా పొద్దున ఆమె తాళం ఉన్న గదిలో అబద్ధం మీద దిగుతోంది, మధ్యాహ్నం వంటశాలలో నిజం మీద చస్తోంది. మొత్తం నూట నలభై మూడుసార్లు దిగింది. అందులో బతికింది పదిహేడు.

ఇవాళ ఇరవైసార్లకి తొమ్మిదిసార్లు బతికింది. సగం కూడా కాదు. అంతకంటే రాలేదు. నా గొంతు పోయింది. ఆమె అరచేతిలో గరిటె కాడ రాసుకుని బొబ్బ లేచింది. కమలనాభం గారు రేడియోలో తన ప్లాన్ ప్రకారమే అంకెలు చదువుతారట. మైకు ఆయన చేతిలోనే ఉంటుంది.

వెళ్లేముందు సువర్చల, "ఆ రోజు గట్టు తీయకపోతే నేను మళ్లీ మళ్లీ రాసేదాన్ని వదినా. నెల పట్టేదేమో. నేర్చుకునేదాన్ని" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆమెని చంపితే చంపేది కొండ కాదు, నేను పెట్టిన సంతకం.

లాగ్ 8. దిగిన రోజు.

కంట్రోల్ గదిలోకి నన్ను రానివ్వకపోతే, మా ఆయన అందరికీ టీ పట్టుకెళ్లే నెపంతో నన్ను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. స్పీకర్లు స్టేషనంతా మోగుతున్నాయి.

"సువర్చలా, ఎత్తు మూడొందలుంది. నూట యాభైకి తగ్గించమ్మా" అన్నారు కమలనాభం గారు.

"తగ్గించనండి."

"ప్లాన్లో నూట యాభై."

"ప్లాన్లో కొండ వేరేదండి. మూడొందల్లోనే వస్తాను."

"మొండికేయకమ్మా, ఇంధనం వృథా..."

ఆయన మాట పూర్తికాలేదు. గోడ మీద రాడార్ అంకె, అంటే ఓడకీ కింద నేలకీ మధ్య దూరం, మూడువందల దగ్గర నిలకడగా ఉన్నదల్లా కిందికి దూకింది. రెండువందలు. నూట పది. యాభై ఎనిమిది. యాభై ఎనిమిది మీటర్ల కింద గట్టు. నూట యాభైలో వచ్చి ఉంటే ఎక్కడుండేదో గదిలో ప్రతివాడికీ ఆ అంకె చెప్పేసింది. ఎవరి చేతిలోదో టీ గ్లాసు కింద పడింది. కమలనాభం గారు తేలు కుట్టిన దొంగలా మైకు బల్ల మీద పెట్టేశారు.

అంకె మళ్లీ మూడువందలకి పోయింది. గట్టు దాటింది. ఇప్పుడు పడాలి, పడుతూ పడుతూ ఆగాలి. నా పెదాలు వాటంతటవే పట్టిక చదువుతున్నాయి. రెండొందల ఇరవై, ఇంకా తోయకు. నూట అరవై, ఇంకా వద్దు. తొంభై, ఇప్పుడు. స్పీకర్లో ఇంజన్ మోత మొదలైంది. నలభై. ఇరవై. ఇంధనం పదకొండు సెకన్లు. ఏడు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని పిసికేస్తున్నారు. నాలుగు.

మోత ఆగింది. ఏమీ వినపడలేదు.

"దిగానండి" అంది సువర్చల. ఊపిరి ఆడడం లేదు ఆమెకి. "అందరూ వింటున్నారా? గట్టు రెండొందల నలభై మీటర్లు. మన సిమ్యులేటర్‌లో అరవై. నాకు నిజం ఎత్తు చెప్పింది మా వదిన. రాసుకోండి."

నేను గోడకి జారి కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

లాగ్ 9. దిగాక ఇరవై ఒకటో రోజు.

పంపు నడుస్తోంది. దిమ్మలు వస్తున్నాయి. స్టేషనంతా తలంటు పోసుకుంది. తిరుగు ప్రయాణానికని ఓడలో విడిగా తెచ్చిన ఇంధనం ట్యాంకులో నింపుకుని సువర్చల ఆరో రోజున క్షేమంగా తిరిగొచ్చింది. దండలు వేస్తామంటే వద్దని, సర్టిఫికెట్ తీసి సభ్యుల బల్ల మీద పెట్టి, "అసలు చంద్రుడి మీద మళ్లీ పరీక్ష పెట్టండి" అంది. సభ్యులకి ఒప్పుకోక తప్పలేదు. రెండువందల పన్నెండు మార్పులూ ఎత్తేశారు. అరవై నాలుగు సర్టిఫికెట్లూ ఆపారు. తాళం నాకు తిరిగి వచ్చింది, దాంతో పాటు అరవై నాలుగు కుటుంబాల కోపం కూడా. వంటశాలలో నా పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు.

ఇవాళ మొదటి పరీక్ష. మొదటి అభ్యర్థి సువర్చలే. గదికున్న అద్దాల గోడ అవతల సగం స్టేషను నిలబడింది. నిబంధన ప్రకారం ఓడ మొదలయ్యే చోటు ముందుగా చెప్పకూడదు. ఈసారి అది ఈశాన్యాన పడింది. గట్టు అందంగా దాటింది. తర్వాత ఇంజన్ ఒక్క సెకను ఆలస్యంగా తోసింది. నేలకి పదకొండు మీటర్ల ఎత్తులో ఇంధనం అయిపోయింది. తెర ఎర్రబడింది.

కమలనాభం గారు నా కుర్చీ పక్కకి వంగారు. ముసలాయన కళ్లలో నీళ్లున్నాయి, నటన కాదు. "పదకొండు మీటర్లేనమ్మా. అసలుదాని మీదే దిగొచ్చిన పిల్ల. మనందరికీ నీళ్లు తాపించిన పిల్ల. ఉత్తీర్ణురాలని రాసెయ్. ఎవరు కాదంటారు?"

ఎవరూ కాదనరు. అదే కదా ఇన్నేళ్లూ జరిగింది. మా ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. ఆమె దిగొచ్చిన రోజు నుంచి నేనామెకి ఒక్క మంచి పని చెయ్యలేదు, ఒక్క మంచి మాట చెప్పలేదు. "ఉత్తీర్ణురాలు" అని రాసెయ్యాలని నాకెంత ఉందో నాకే తెలుసు.

రిజిస్టరులో "తప్పింది" అని రాసి, కింద సంతకం చేసి, ఆమె వైపు తిప్పాను.

సువర్చల హెల్మెట్ తీసి చదివింది. చెమట తుడుచుకుంది.

"రేపు ఎన్నింటికి రమ్మంటావ్ వదినా?"

"ఎనిమిదింటికి" అన్నాను.